ఏసుమణి అనని ఆమేన్

పోయినవారం ఏసుమణిని గరిటె పట్టుకుని నిలబడ్డ చోటే వదిలేసి వచ్చేశాం. వారమంతా ఆవిడ అలాగే నిలబడి ఉందేమోనని బెంగపెట్టుకున్నవాళ్లకి ఒక మాట. ఆవిడ అంత తీరిక ఉన్న మనిషి కాదు. అన్నది అనేసి, గరిటె కడిగి, తన పనిలో తను పడిపోయింది. బెంగంతా విన్నవాళ్లకే మిగిలింది.

ఆవిడ అన్నది ఇదీ: "నా వంటింట్లో ఒక పూట వండి పెట్టినోళ్లకే ఈ పని." అన్నది ఎవరితోనో కాదు, భర్త అన్నగారు సాల్మన్‌తో. కాపురానికి వచ్చిన నాటినుంచీ తలుపు చాటునుంచి తప్ప ఎదురుగా నిలబడి మాట్లాడని బావగారితో.

చోడవరంలో బస్టాండు వెనక సందులో ఏసుమణి భర్త కృపారావు మాస్టారి ఇల్లు. ఆ ఇంటికి ఇన్నాళ్లకి కొత్త వంటిల్లు వస్తోంది. పెరట్లో రేకుల కింద ఉన్న పాత వంటింటి పక్కనే గోడలు లేచాయి, స్లాబు పడింది, నేల మీద టైల్స్ కూడా పరిచారు. ఇక లోపల గట్టు, అరలు, సొరుగులు, పొయ్యి, పొగ లాగే చిమ్నీ. ఇవన్నీ ఎవరు గీయాలి, ఎవరు తేవాలి, ఎవరు బిగించాలి అన్న దగ్గర వ్యవహారం ఆగింది. అనకాపల్లిలో ఉండే సాల్మన్‌గారు చర్చిలో సంఘ పెద్ద. సంఘంలో అలవాటైన చొరవతోనే తమ్ముడి ఇంటి విషయం కూడా తేల్చేశారు: "మా అల్లుడే చేస్తాడు." అల్లుడు ప్రేమ్‌కుమార్‌కి విశాఖపట్నంలో మాడ్యులర్ కిచెన్ల షోరూము ఉంది.

ఇటు ఏసుమణి, స్త్రీల కూడికలో ఎవరో చెప్తే, అనకాపల్లి రోడ్డులో షెడ్డు పెట్టుకుని వంటిళ్లు చేసే సంధ్యారాణికి తనే ఫోన్ చేసింది. అల్లుడుగారు ఉండగా పైవాళ్లని పిలవడమేమిటని పెద్ద గొడవైంది. ఆ ఇంట్లో ఏ గదీ ఏసుమణిని అడిగి కట్టలేదు. ఈ ఒక్కటైనా తనని అడిగి కట్టాలని ఆవిడ పట్టు. అల్లుడిని కాదంటే మర్యాద పోతుంది, ఔనంటే వంటిల్లు పోతుంది. అప్పుడే ఆవిడ నోట ఆ పరీక్ష మాట వచ్చింది. అల్లుడు గుమ్మం తొక్కితే కాళ్లకి నీళ్లిచ్చే ఇంట్లో, అల్లుడిని వంటింట్లోకి నెట్టే మాట.

శనివారం ప్రేమ్‌కుమార్ కారు వచ్చేసరికి ఎండెక్కింది. దారిలో చెరకు లారీల వెనక ఇరుక్కుపోయారట. ముందు సాల్మన్‌గారు దిగారు, ఇస్త్రీ చొక్కా, చంకలో బైబిలు. తర్వాత ప్రేమ్‌కుమార్ దిగాడు, చేతిలో ట్యాబు. ఆఖర్న అతని భార్య, సాల్మన్‌గారి కూతురు క్రిస్టినా దిగింది. దిగుతూనే, "పిన్నీ, ఆకలేస్తంది" అని ఏసుమణి చెయ్యి పట్టుకుంది.

"అల్లుడి సేత వంట సేయిస్తావేటమ్మా? నలుగురూ వింటే ఏటంటారు?" అన్నారు సాల్మన్‌గారు చెప్పులు విప్పుతూ.

"పర్లేదు మావయ్యగారూ" అన్నాడు ప్రేమ్‌కుమార్. "హాస్టల్లో రూమందరికీ నేనే వండేవాణ్ణి. అత్తయ్యకి ఒక శాంపిల్ చూపిద్దాం."

ప్రేమ్‌కుమార్ చెడ్డవాడైతే ఈ కథ రెండు వారాల క్రితమే అయిపోయేది. అతను మంచివాడు. నవ్వుమొహం. పెద్దవాళ్లంటే గౌరవం. అలాంటివాణ్ణి కాదనడం ఎంత కష్టమో అల్లుళ్లున్న ఇళ్లవాళ్లకి తెలుసు.

వంటకి ముందు ట్యాబులో బొమ్మలు చూపించాడు. తెల్లటి అరలు స్లాబుని తాకుతున్నాయి. గది మధ్యలో నల్లరాతి దిమ్మ, దాని మీద గాజు గిన్నెలో ఆకుపచ్చ ఆపిల్ పళ్లు. ఎక్కడా ఒక ఉల్లిపాయ తొక్క లేదు, నూనె చుక్క లేదు. కృపారావు మాస్టారు కళ్లజోడు సర్దుకుని మెచ్చుకోలుగా తలూపారు. ఏసుమణి వేలు పెట్టి ఒక మూల చూపించింది.

"ఇయ్యేటి బాబూ, తలకిందులుగా ఏలాడతన్నాయి?"

"అవి గ్లాసులు అత్తయ్యా. స్టాండుకి తగిలిస్తాం."

"ఏ గ్లాసులు?"

ప్రేమ్‌కుమార్ మామగారి వైపు చూశాడు. వైన్ గ్లాసులు వేలాడదీసే స్టాండుని సంఘ పెద్ద తమ్ముడి వంటింట్లో ఎందుకు పెట్టాడో అతనికే తెలీదు. ఏ ఇంటికైనా అదే బొమ్మ.

"జూస్ గ్లాసులు" అన్నారు సాల్మన్‌గారు గట్టిగా. ఆ మాటతో ఆ విషయం ముగిసింది. మాస్టారికి మాత్రం కాసేపు దగ్గు ఆగలేదు.

వంట రెండు వాటాలుగా పంచింది ఏసుమణి. కోడికూర, బెండకాయ వేపుడు అల్లుడివి. అన్నం, చేపల పులుసు సంధ్యారాణివి.

ప్రేమ్‌కుమార్ తువ్వాలు భుజాన వేసుకుని పాత వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డాడు. చెయ్యి తిరిగిన మనిషే, అబద్ధమెందుకు. కానీ ఆ పొయ్యి ముందునుంచి అడుగు కదపలేదు. "క్రిస్టినా, ఉల్లిపాయలు" అన్నాడు. క్రిస్టినా నేల మీద కత్తిపీట వేసుకుని కూర్చుంది. "మావయ్యా, అల్లం" అన్నాడు. మాస్టారు వీధి చివర కొట్టుకి పరిగెత్తారు. "అత్తయ్యా, ఉప్పెక్కడ? నీళ్లేవి? మూత ఏది?" ఏసుమణి అన్నీ అందించింది. కూర ఘుమఘుమలాడుతూ దిగేసరికి వంటవాడి చొక్కా నలగలేదు గానీ మిగతా ముగ్గురికీ చెమటలు పట్టాయి. అందుకే అతని బొమ్మల్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో ఉండదు. అతనికి ఉప్పు ఎప్పుడూ చేతికే వస్తుంది.

"సూసేవా!" అన్నారు సాల్మన్‌గారు వాసన పీలుస్తూ. "ఇంకా పరీచ్చలెందుకు?"

అప్పుడు స్కూటీ చప్పుడైంది. సంధ్యారాణి గుమ్మంలో హెల్మెట్ తీసి నవ్వింది. పాలిటెక్నిక్ చదివిన మనిషి, మాడుగుల పిల్ల, వీధి చివరికి వినపడే గొంతు.

"అమ్మా, ముందే సెప్పేస్తన్నాను. నాకు వంట రాదు" అంది. "మా ఇంట్లో మా ఆయన వండుతాడు. కిచెన్లు సెయ్యడం నా పని, వాడుకోడం ఆయన పని."

సాల్మన్‌గారి మొహం ఎంత వెలిగిపోయిందంటే ఆ పూట కరెంటు పోయినా ఫర్వాలేదు. "వంట రానావిడా వంటిల్లు కట్టీది!" అని తమ్ముడి వీపు చరిచారు.

ఏసుమణి సంధ్యారాణిని ఓసారి ఎగాదిగా చూసింది. ఈవిడని నమ్ముకునా తను ఇంత దూరం వచ్చింది? అయినా పైకి ఏమీ అనకుండా, "రా అమ్మా" అని లోపలికి తీసుకెళ్లింది.

వంట రాని మనిషి కాబట్టి సంధ్యారాణి ప్రతిదీ అడిగింది. బియ్యం ఎలా కడుగుతారు, ఎక్కడ వంచుతారు, చేప ఎక్కడ తోముతారు, తోమిన నీళ్లు ఎటు పోతాయి. పులుసులో బెల్లం ఎప్పుడు వేస్తారని అడిగి, ఆ బెల్లం దిమ్మ ఎక్కడుంటుందో కూడా అడిగింది. అడిగి ఊరుకోలేదు, ఏసుమణి అటూ ఇటూ నడుస్తుంటే కళ్లప్పగించి చూసింది. చింతపండు కావాల్సి వచ్చింది. డబ్బా పై అరలో ఉంది. ఏసుమణి పొడుగు మనిషి, రెండు చేతులూ చాపితే నేల మీదనుంచే దింపగల బరువు డబ్బా. ఆవిడ మాత్రం మూలనున్న స్టూలు కాలితో లాగి, దాని మీదకెక్కి, ఎడం చేత్తో డబ్బా దింపింది.

సంధ్యారాణి నవ్వు ఆగింది. కాసేపయ్యాక బెల్లం అడిగింది. అది కూడా పైనే. మళ్లీ స్టూలు, మళ్లీ ఎడం చెయ్యి.

"అమ్మా" అంది మెల్లగా. ఆ గొంతు అంత మెల్లగా కూడా పలుకుతుందని ఎవరూ అనుకోరు. "కుడిసెయ్యి ఓసారి పైకెత్తండి."

"ఊరుకో అమ్మా. ముందు పులుసు సూడు."

"పులుసు ఉడుకుద్దిలెండి. ఎత్తండి."

"ఎవరికీ సెప్పకు" అంది ఏసుమణి.

ఈలోపు అన్నం అడుగంటిన వాసన ఇల్లంతా వ్యాపించింది. సంధ్యారాణి గిన్నె దింపేసి, పక్కనున్న కొత్త గదిలోకి వెళ్లి, జేబులోంచి సుద్దముక్క తీసి గోడ మీద గీతలు గీయడం మొదలుపెట్టింది.

భోజనాలు ఆ కొత్త గదిలోనే. తన గదిలో మొదటి ముద్ద ఈ రోజే తినాలని ఏసుమణి చాపలు వేయించింది. మధ్యలో కోడికూర, వేపుడు, పులుసు, మాడిన అన్నం. చుట్టూ ఆరుగురు. గోడ మీద సుద్దగీతలు.

ఇక ప్రార్థన. ఆ ఇంట్లో ప్రార్థన అయితే గాని ఎవరూ ముద్ద ఎత్తరు. పెద్దవారు ఉన్నారు కాబట్టి పెద్దవారే చెయ్యాలి. సాల్మన్‌గారు కళ్లు మూసుకుని గొంతు సవరించుకున్నారు. ప్రార్థనలో ఆయన భాష మారిపోతుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ దినమున మమ్మును ఈ నూతన గదిలో సమకూర్చిన నీకు స్తోత్రములు. ఈ ఆహారమును, దీనిని సిద్ధపరచిన హస్తములను ఆశీర్వదించుము. మాడిన దానిని కూడ నీ కృపచొప్పున భుజింప శక్తి దయచేయుము. మరియు తండ్రీ, ఈ గది పనిని నీ దాసుడైన ప్రేమ్‌కుమార్ హస్తములకు అప్పగించుచున్నాము. అతడు గీయు గీతను, తెచ్చు సామగ్రిని, బిగించు ప్రతి మేకును నీవే స్థిరపరచుము. దీనికి విరోధముగా ఈ యింట ఏ నోరును తెరువబడకుండును గాక. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ."

"ఆమేన్" అన్నారు మాస్టారు, అలవాటు చొప్పున. అన్నాక గాని తను దేనికి ఆమేన్ అన్నారో ఆయనకి తెలీలేదు. ప్రేమ్‌కుమార్ అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. క్రిస్టినా నోట్లో అప్పటికే ఒక కోడిముక్క ఉంది కాబట్టి ఆ ఆమేన్ స్పష్టంగా రాలేదు. సంధ్యారాణి చేతులు జోడించుకుని, ఎప్పుడు అనాలో తెలీక ఊరుకుంది.

ఇంట్లోవాళ్లలో ఒక్క ఆమేన్ తగ్గింది. సాల్మన్‌గారు ఒక కన్ను తెరిచారు.

సంఘంలో ఆమేన్ అంటే ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత కాదనడం దేవుడికి ఇచ్చిన మాట తప్పడం. అది ఆయనకి తెలుసు. ఏసుమణికి ఇంకా బాగా తెలుసు.

"ఏసుమణీ" అన్నారు. "ఆమేన్ వినపళ్లేదమ్మా."

"నేననలేదు బావగారూ."

మాస్టారి చెయ్యి అన్నం గిన్నె మీదకి వెళ్లి వెనక్కి వచ్చింది.

"ప్రార్థనకి ఆమేన్ అనవా? ఏటమ్మా ఇది?"

"ముందు సగానికి అంటాను" అంది ఏసుమణి. గొంతు వణికింది, అయినా ఆగలేదు. "ఎనక సగం దేవుడికి సెప్పింది కాదు బావగారూ. నాకు సెప్పింది. నాకు సెప్పాల్సింది నన్నడిగి సెప్పాల."

ఇన్నేళ్లలో ఆవిడ ఆయన కళ్లలోకి చూసి మాట్లాడ్డం అదే మొదలు. సాల్మన్‌గారికి కోపం కన్నా ముందు ఆశ్చర్యం వచ్చింది. తట్టుకోడానికి వేరే దారి వెతుక్కున్నారు. గోడ వైపు చెయ్యి చూపించారు.

"సరే, అడుగుతన్నాను. ఆ గోడ సూడు. కింద సొరుగులు గీసింది, గట్టు గీసింది, భుజం ఎత్తు దాకా ఒక్క అర గీసింది. ఆ పైనంతా బోడి గోడ! మా అల్లుడు స్లాబు దాకా అరలిచ్చేడు. ఈవిడ సగం వంటిల్లే గీసింది. డబ్బాలు నెత్తి మీద పెట్టుకుంటావా?"

అది నిజమే. మాస్టారికి కూడా అదే సందేహం. ప్రేమ్‌కుమార్ అయితే మర్యాదకి పైకి అనలేదు గాని, అంత గోడ వృథాగా వదిలేయడం అతని వృత్తిలో పాపం.

సంధ్యారాణి అందరి వైపూ చూసింది. "ఎందుకు వదిలేసేనో నాకు తెలుసండి" అంది. "అది సెప్పీది నేను కాదు."

ఇప్పుడు అందరి కళ్లూ ఏసుమణి మీద. ఆవిడ కాసేపు కంచంలోకి చూస్తూ కూర్చుంది. చెప్పకపోతే గీత తప్పవుతుంది. చెప్తే ఇన్నాళ్లూ దాచుకున్నది బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు తనని పనికి రానిదానిలా చూస్తారేమోనన్న భయం ఆవిడది. ఆఖరికి ఎడం చెయ్యి నేలకి ఆనించి లేచింది. గోడ దగ్గరికెళ్లి, కుడి అరచెయ్యి కింది సుద్దగీత మీద పెట్టి, మెల్లగా పైకి జరిపింది. భుజం దాకా వెళ్లి చెయ్యి ఆగిపోయింది. ఇంకొంచెం నెట్టింది. పళ్లు బిగబట్టింది. చెయ్యి కదల్లేదు.

"ఇదిగో" అంది. "ఇంతవరకే."

సుద్దతో గీసిన అన్నిటికన్నా పై గీత సరిగ్గా ఆ చెయ్యి పక్కనే ఉంది.

"ఎప్పట్నుంచి మణీ?" అన్నారు మాస్టారు. ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

"కూడిక వంటకి గుండిగ దింపేను కదా, ఆ పూట పట్టేసింది. మరి వదల్లేదు."

"నాకు సెప్పలేదేటి?"

"సెప్తే ఏటవుద్ది? బామ్ రాసుకో అంటారు. అని పేపరు తిరగేస్తారు."

ఆ మాట సరిగ్గా తగిలింది. తరగతిలో ఏ పిల్లాడు పెన్సిలు మర్చిపోయాడో గుమ్మంలోనుంచే చెప్పగల మనిషి, ఇంట్లో భార్య స్టూలెక్కి డబ్బాలు దింపుతుంటే చూడలేదు. మాస్టారికి సిగ్గేసింది. వెయ్యాల్సిందే.

"సోమవారం డాక్టరు దగ్గిరికెళ్దాం" అన్నారు.

"ఎళ్దాం. భుజం సంగతి డాక్టరు సూస్తాడు. వంటింటి సంగతి ఈరోజు తేలాల."

ప్రేమ్‌కుమార్ ట్యాబు తీశాడు. అతని కళ్లలో నిజంగా బాధ ఉంది. "అత్తయ్యా, ఈ మాట నాకు ముందే చెప్తే సరిపోయేది కదా. ఇప్పుడైనా పర్లేదు, పై అరలు తీసేద్దాం. రెండు నిమిషాల్లో ఎడ్జస్ట్ చేసేస్తాను."

సాల్మన్‌గారు తల పంకించారు. ఇక్కడే ఏసుమణి మెత్తబడిపోయి ఉండాలి. అల్లుడు అంత మంచిగా అడిగితే ఏ అత్త అయినా మెత్తబడుతుంది. ఆవిడ వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"మీరు మంచోరు బాబూ. సెప్తే మారుస్తారు, నాకు తెలుసు. ఆవిడకి నేను సెప్పలేదు. నన్ను సూసింది. రేపు నాకు మోకాలు పట్టేస్తాది, కళ్లు తగ్గుతాయి. అన్నీ సెప్పుకుంటూ ఎళ్లలేను బాబూ. అడక్కుండా సూసినోళ్లకే ఇస్తాను."

ప్రేమ్‌కుమార్ ట్యాబు మూసేశాడు.

ఇక మాస్టారు రంగంలోకి దిగారు. గొడవ ఎక్కడుంటే అక్కడ మధ్యలో గీత గీసి సగం సగం చెయ్యడం ఆయనకి అలవాటు. "ఒక పని సేద్దాం. గీయడం సంధ్యారాణిగారు. సామాను మన ప్రేమ్‌కుమార్ షోరూము నుంచి. బిగించడం మన ఊరి వడ్రంగి పరదేశి. ఎవరికీ బాధ లేకుండా."

"అదీ మాట" అన్నారు సాల్మన్‌గారు. ప్రేమ్‌కుమార్ తలూపాడు. సంధ్యారాణి కూడా, "మీ ఇష్టమండి" అంది. అందరి మొహాలూ తేటపడ్డాయి. చేతులు కంచాల వైపు కదిలాయి.

"వద్దు" అంది ఏసుమణి.

చేతులన్నీ మళ్లీ ఆగాయి.

"ఏవండీ, మన బాత్రూము ఎవరు కట్టేరు?"

ఆ బాత్రూము సంగతి మాస్టారికి తెలుసు.

"గీసినోడొకడు, టైల్స్ తెచ్చినోడొకడు, పైపులేసినోడొకడు. నీళ్లు గుమ్మం యేపు పారతన్నాయిరా అంటే, గీసినోడు టైల్సోడి మీద సెప్పేడు, టైల్సోడు పైపులోడి మీద సెప్పేడు, పైపులోడు ఫోనెత్తలేదు. ఈరోజుకీ ఆ నీళ్లు సీపురుతో నేనే తోస్తన్నాను. ఈ సేత్తోనే." కుడి చెయ్యి చూపించింది. "గీసినావిడే తేవాల. తెచ్చినావిడే బిగించాల. రేపు సొరుగు ఊడితే నేను ఒక్క గుమ్మంలో నిలబడి ఒక్కర్ని అడగాల. ముగ్గురికి పంచితే ముగ్గురూ సుట్టాలే మిగులుతారు, పనోళ్లు ఒక్కరూ ఉండరు."

సాల్మన్‌గారు ఆఖరి మాట బయటికి తీశారు.

"నేను అల్లుడికి మాటిచ్చేసేనమ్మా. నా మాట పోతే మొహం ఎక్కడ పెట్టుకోవాల?"

"మాట మీరిచ్చేరు బావగారూ" అంది ఏసుమణి. "వంటిల్లు నేనివ్వలేదు."

గొంతు పెంచలేదు. ఇందాకటి వణుకు కూడా లేదు. బావగారి ముందు ఎప్పుడూ నిండుగా కప్పుకునే కొంగు భుజం మీదనుంచి జారింది. ఆవిడ సర్దుకోలేదు.

సాల్మన్‌గారు తమ్ముడి వైపు తిరిగారు. "ఒరే కృపా, నీ మాటేటి?"

చిన్నప్పటినుంచీ అన్న అడిగితే కృపారావు జవాబు ఒక్కటే, "నీ ఇష్టం అన్నయ్యా." ఆ మాట నాలుక చివరి దాకా వచ్చే ఉంటుంది. మాస్టారు గోడ మీద భార్య చెయ్యి ఆగిన చోటుని చూశారు.

"మణి సెప్పినట్టే అన్నయ్యా" అన్నారు.

ఏసుమణికి కళ్లు నిండాయి. భుజం కదలకపోయినా ఏడవని మనిషి, ఈ మాటకి ఏడ్చేలా ఉంది. గెలిచాననిపించింది. ఇలా ఉంటుందా గెలవడం అనిపించింది. ఇన్నేళ్లు ఎందుకు ఆగానా అని కూడా అనిపించింది.

ప్రేమ్‌కుమారే నోరు విప్పాడు. "మావయ్యగారూ, కోడికూర చల్లారిపోతోంది." మనసు చివుక్కుమన్నా ఆ మాట అనగలిగాడు. మంచివాడని ముందే చెప్పాను.

సాల్మన్‌గారు కూర గిన్నె వైపు చూశారు. ఆకలి ఆయనకీ ఉంది. మొదలుపెట్టిన ప్రార్థన గాల్లోనే ఉంది, అది ముగిస్తే గాని ఎవరూ తినలేరు. మళ్లీ మొదలుపెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు.

"అయితే ప్రార్థన నువ్వే ముగించమ్మా" అన్నారు.

పెద్దలుండగా ఆ ఇంట్లో ఆడవాళ్లు భోజనాల ప్రార్థన చేసింది లేదు. ఏసుమణి కళ్లు మూసుకుంది. ఆవిడకి బావగారి భాష రాదు.

"ప్రభువా, కోడికూర బాగుంది, అన్నం మాడింది, రెండిటికీ స్తోత్రం. ఈ గది నాకిచ్చినందుకు మరీ స్తోత్రం. ఆమేన్."

"ఆమేన్!" అన్నారందరూ. అందరికన్నా గట్టిగా అన్నది సంధ్యారాణి. ఈసారి ఎప్పుడు అనాలో ఆవిడకి బాగానే తెలిసింది.

తర్వాత తిండి మీద ఎవరికీ పట్టింపుల్లేవు. మాడిన వాసన పులుసులో కలిసిపోయింది. సాల్మన్‌గారు మూడోసారి కోడికూర వడ్డించుకుని, "అల్లుడికి వంట మాత్రం బాగా వచ్చు" అన్నారు, ఎటూ చూడకుండా. సంధ్యారాణి తినడం అవుతూనే టేపు తీసి గట్టు ఎత్తు కొలవబోయింది. ఏసుమణి నిలబడి, పిండి కలిపినట్టు చేతులు ఆడించి, "ఇంకొంచెం కిందకి, ఆ, అక్కడ" అని చెప్పింది. సంధ్యారాణి అక్కడే సుద్ద గీసింది. ఆ గీత చూసుకుంటూ ఏసుమణి ఎంతసేపు నిలబడిందో మాస్టారు చూశారు. చూసి, కంచాలన్నీ తనే తీశారు. ఎక్కడ కడగాలో తెలీక పెరడంతా తిరిగారనుకోండి.

వెళ్లేవేళయింది. సాల్మన్‌గారు కారు ముందు సీట్లో కూర్చుని బైబిలు ఒళ్లో పెట్టుకున్నారు. "మీ వంటిల్లయ్యాక పిలు, ప్రార్థనకి వస్తాను" అన్నారు ఏసుమణితో. అది రాజీయో, ఇంకో పోరుకి నోటీసో ఆయన మొహంలో తెలీలేదు. ప్రేమ్‌కుమార్ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. క్రిస్టినా వెనక తలుపు తీసింది. ఒక కాలు లోపల పెట్టి ఆగింది.

కాలు వెనక్కి తీసుకుని, తలుపు వేసేసి, గబగబా గేటు దగ్గరికి వచ్చింది. అక్కడ సంధ్యారాణి హెల్మెట్ పెట్టుకుంటోంది.

"అక్కా, ఎల్లుండి ఖాళీయేనా?"

"ఎందుకమ్మా?"

"వైజాగు రావాల. మా ఇంటికి."

"మీ ఇంటికా? మీ ఆయనదే షోరూము కదమ్మా" అని నవ్వబోయింది సంధ్యారాణి. క్రిస్టినా మొహం చూసి నవ్వు ఆపేసింది.

కారు అద్దం దించే ఉంది. క్రిస్టినా గొంతు తగ్గించలేదు.

"మా వంటింట్లో పొయ్యి ఎలిగించి ఎన్నాళ్లయిందో నాకే గురుతులేదక్కా. షోరూముకి వచ్చినోళ్లని మా ఇంటికి తెచ్చి సూపిస్తారు. అది మెరుస్తూ ఉండాలంట, నూనె పడకూడదంట. నేను ఎనక వరండాలో ఒంటి పొయ్యి పెట్టుకుని, నేల మీద కూసుని వండతన్నాను. పెళ్లైన దగ్గిర్నుంచీ అంతే. ఎవరికీ సెప్పలేదు." ఏసుమణి వైపు ఒకసారి చూసింది. "ఆ మెరిసీదంతా పీకించేసి, నాకో వంటిల్లు గియ్యండి."

ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది. కారు ముందు తలుపులు రెండూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఒకవైపునుంచి తండ్రి దిగారు, ఇంకోవైపునుంచి భర్త దిగాడు.

క్రిస్టినా వెనక్కి తిరిగి చూడలేదు.

"టేపు తెచ్చుకోండక్కా" అంది. "కొలతలు దగ్గరుండి నేనే పట్టిస్తాను."